తంజావూరు ప్యాలెస్‌లోని విగ్రహాల గ్యాలరీ: అమ్మను తీసుకెళ్లొచ్చా?

రేపల్లె_ప్యాసింజర్:

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక అమ్మ, నేను, తొమ్మిదో తరగతి చదివే మావాడు కుంభకోణం, తంజావూరు వైపు వెళ్తున్నాం. అమ్మకి డెబ్బై రెండు. మోకాళ్లు తప్ప మిగతావన్నీ నాకన్నా గట్టివి. నవగ్రహ క్షేత్రాలు ఆవిడ కోరిక, తంజావూరు పెద్ద గుడి నా కోరిక, గంటకోసారి ఫోన్‌కి చార్జింగ్ దొరకడం మావాడి కోరిక.

తంజావూరుకి ఒక రోజు పెట్టుకున్నాం. పొద్దున్నే గుడి చూసేస్తాం. మధ్యాహ్నం ఎలాగూ గర్భగుడి మూసేస్తారు కదా, ఆ టైంలో పాత ఊరి మధ్యలో ఉన్న ప్యాలెస్‌కి వెళ్లి చోళుల కంచు విగ్రహాలు చూద్దామని నా ఆలోచన.

భయం ఎందుకంటే, పోయినేడాది ఇంకో ఊళ్లో మ్యూజియానికి తీసుకెళ్తే అమ్మ గుమ్మంలోనే చెప్పులు విప్పేసింది. లోపల వినాయకుడి ముందు గుంజీలు మొదలుపెట్టేసరికి గార్డు అందరి ముందూ కసిరాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. బయటికొచ్చాక "దీపం లేనిచోట దేవుణ్ణి ఎందుకు పెట్టార్రా?" అంది. నాకు జవాబు తోచలేదు, కొబ్బరి బోండాం కొనిచ్చి మాట మార్చాను.

అందుకే అడుగుతున్నా. ఈ గ్యాలరీ ఆవిడకి నచ్చేలా ఉంటుందా? ఎంతసేపు పడుతుంది? మెట్లు ఎక్కువా? వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

మిట్టమధ్యాహ్నం:

మేం వెళ్లాం. ఉక్కపోత. ఒకటే రకం విగ్రహాలు, పది చూశాక పదకొండోది గుర్తుండదు. పిల్లలు బోర్ అంటారు. ఆ టైంలో రూములో పడుకుని సాయంత్రం మళ్లీ గుడికి వెళ్లండి. ఎండ పడమటికి వాలాక గర్భగుడి మీది ఆ విమానం (గోపురంలాంటి శిఖరం) రంగు చూసి తీరాలి.

కుంభకోణం_కోడలు:

పైన చెప్పిన సాయంత్రం మాట నిజం, అది మానకండి. మిగతాది మాత్రం నేను ఒప్పుకోను.

నేను పుట్టింది ఏలూరు దగ్గర, ఇక్కడికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. మా పుట్టింటి నుంచి ఎవరొచ్చినా ఆ గ్యాలరీకి తిప్పే పని నాదే. మొదట్లో నాకూ మీ అమ్మగారిలాగే అనిపించేది. పూలు లేవు, పట్టుపంచె లేదు, వాసన లేదు, గోడకి ట్యూబులైట్లు. ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టు ఉండేది.

నాకు అది మారింది స్వామిమలై వెళ్లాక. మా ఊరికి పక్కనే. అక్కడ స్థపతులు ఇప్పటికీ పాత పద్ధతిలోనే విగ్రహాలు పోత పోస్తారు. తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి ముందు మైనంతో స్వామిని చేస్తారు. దాని మీద కావేరి వండ్రుమట్టి పూత, ఆరాక మళ్లీ పూత. తర్వాత కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే. అంటే ఒక అచ్చుకి ఒకే విగ్రహం, రెండోది రాదు. చోళుల నాటివి కూడా ఇలా చేసినవే, లోపల డొల్ల లేకుండా నిండుగా పోసినవి. అచ్చు పగిలాక ఉలితో చెక్కి వేళ్లూ గోళ్లూ తేల్చడం చూస్తూ కూర్చున్నాను ఒక మధ్యాహ్నమంతా. ఆ వెన్నుపూస దగ్గర గాడిని ఆయన ఎంత సేపు దిద్దాడో! నేను ఊరుకోలేక అడిగాను, వీపు మీద ఎలాగూ వస్త్రం కట్టేస్తారు కదండీ, ఎవరు చూస్తారని. ఆయన నవ్వి మళ్లీ ఉలి పట్టుకున్నాడు.

గుడిలో ఉత్సవమూర్తిని మనం ఎలా చూస్తాం చెప్పండి? పట్టుచీర, పూలమాలలు, కిరీటం, కవచం. మొహం, అరచేతులు, అదృష్టముంటే పాదాలు. అది కూడా వెనకవాళ్లు తోస్తుంటే. ఆ చీరకింద స్థపతి చేసిన విగ్రహం ఎలా ఉంటుందో అభిషేకం చేసే అర్చకుడికి తప్ప ఎవరికీ తెలియదు. అది మనలాంటివాళ్లు నిలబడి చూడగలిగేది ఇలాంటి హాళ్లలోనే. అందుకే నేను తీసుకెళ్లిన ప్రతివాళ్లకీ ఒక్కటే చెప్తాను, ముందు నుంచి దండం పెట్టుకోండి, తర్వాత పక్కకు జరిగి వీలైనంత వెనక్కి చూడండి. జడలు ఎలా పడ్డాయో, తల వెనక చక్రం ఎలా కట్టారో, నడుం దగ్గర ముడి ఎటు వేశారో. పీఠం కూడా చూడండి, ఊరేగింపులో కర్రలకి కట్టడానికి పెట్టిన రంధ్రాలు ఉంటాయి. ఇవి గర్భగుడిలో కదలకుండా ఉండే మూర్తులు కావు, వీధుల్లో తిరిగినవాళ్లు. కొన్నిటికి ముక్కూ పెదవీ నున్నగా అరిగి ఉంటాయి. ఎన్ని వందల ఏళ్ల పాలూ పెరుగూ చందనమూ అలా అరగదీశాయో!

అన్నీ చూడకండి. ఒకాయన "పదకొండోది గుర్తుండదు" అన్నారు కదా, అది తప్పేం కాదు, అన్నీ చూస్తే జరిగేది అదే. మేం తిరువెంకాడు విగ్రహాల దగ్గర ముప్పావుగంట ఉంటాం, మిగతా వాటికి ఇరవై నిమిషాలు.

తిరువెంకాడు సీర్కాళి దగ్గర ఊరు. 1950ల్లో అక్కడ నేలలోంచి ఈ కంచు విగ్రహాలు బయటపడ్డాయి. ఎప్పుడో గొడవల కాలంలో దాచిపెట్టి ఉంటారు. వాటిలో వృషభవాహనుడు అని ఒక శివుడున్నాడు. 1011లో చేయించి ఇచ్చినట్టు ఆ ఊరి గుడి శాసనంలో ఉంది, పక్కన అమ్మవారిని మరుసటేడు 1012లో. మీరు పొద్దున చూసే పెద్ద గుడి పూర్తయింది 1010లో, అంటే అదే కాలం, అదే చోళరాజు రాజరాజు రాజ్యం. ఈ శివుడికి నాలుగు చేతులూ శూలమూ ఏమీ ఉండవు. రెండే చేతులు. జడలన్నీ తలపాగాలా చుట్టి, వాటిలో పాములు. కాలు మీద కాలు అడ్డంగా వేసి, ఒక చెయ్యి పక్కకు ఆనించి నిలబడి ఉంటాడు. దేనికి ఆనించాడు? ఎద్దుకి. ఆ ఎద్దు లేదు. మా మేనల్లుడు చూసి "అత్తా, బుల్లెట్ బండికి ఆనుకున్నట్టు నిలబడ్డాడు" అన్నాడు. వాడి చెవి మెలేశాను గానీ, ఆ నిలబడ్డ తీరుకి అంతకన్నా మంచి మాట నాకూ దొరకలేదు.

ఇంకొకటి కల్యాణసుందరుడు. శివపార్వతుల పెళ్లి. ఆయన అమ్మవారి చెయ్యి పట్టుకున్నాడు, విష్ణువు కన్యాదానం చేస్తున్నాడు, లక్ష్మీదేవి తోడు. మీ అమ్మగారు ఎన్ని పెళ్లిళ్లు చేయించి ఉంటారో, ఆవిడకి ఎవరూ వివరించక్కర్లేదు. పార్వతి తల ఎంత వంచిందో, భుజం ఎంత ముడుచుకుందో చూడమనండి చాలు.

భిక్షాటనమూర్తి, అంటే భిక్షకి బయల్దేరిన శివుడు, ఆయన గురించి ముందే చెప్తున్నా. దిగంబరుడు, పాదుకలు, నడుముకి పాము. పిల్లవాడితో, అమ్మతో నిలబడ్డప్పుడు మీకు కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. దారుకావనంలో ఆయన్ని చూసి ఋషిపత్నులు మోహపడ్డ కథ మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, ఆవిడ్నే చెప్పమనండి. అదే కథ రాతిలో కూడా ఉంది, దారాసురం నుంచి తెచ్చిన భిక్షాటనుడూ ఋషిపత్నులూ. ఆ ఆడవాళ్ల మొహాల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో రకం కలవరం.

కన్నప్ప కూడా ఉన్నాడు. మన శ్రీకాళహస్తి తిన్నడే. తమిళుల అరవైముగ్గురు నాయనార్లలో (శివభక్తుల్లో) ఒకడై ఇక్కడ కంచులో నిలబడ్డాడు.

మెట్లు కొన్ని ఉంటాయి గానీ మెల్లగా వెళ్తే ఇబ్బంది లేదు. పైన గోపురం లాంటి మేడ ఉంది, అది ఎక్కనివ్వకండి, మీవాణ్ణి పంపండి. గుడి నుంచి ప్యాలెస్‌కి ఆటోలో పది నిమిషాలు. మంచినీళ్లు పట్టుకెళ్లండి. వేళలు ఆ రోజు పొద్దున ఒకసారి కనుక్కోండి.

గుంజీల సంగతి. అడ్డంగా నిలబడకుండా చేసుకుంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనరు, సగం మంది తమిళ పెద్దవాళ్లు చేసేది అదే. అద్దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, హారతి కర్పూరం సంచీలో ఉంటే అది ఆటోలోనే వదిలేయండి. (మా పెద్దత్తగారి అనుభవం. వివరాలు అడగొద్దు.)

నిత్యపారాయణం:

కోడలుగారు బాగా రాశారు గానీ, పెద్దావిడ అడిగిన ప్రశ్నకి ఇది జవాబు కాదు. ప్రాణప్రతిష్ఠ చేసి, నైవేద్యం పెట్టి, ఊరేగించిన మూర్తిని అద్దాల పెట్టెలో పెట్టి టికెట్ కొని చూడమనడం ఏమిటి? వీపు అందంగా ఉందని చూడ్డానికి ఆయన శిల్పం కాదు, స్వామి. దొరికిన చోటికి తిరిగి ఇచ్చేసి పూజ చేయించాలి. నేనైతే మా అమ్మని తీసుకెళ్లను.

కుంభకోణం_కోడలు:

మీ మాటలో బాధ ఉంది, కాదనను. నేనూ ఇంట్లో ఇదే వాదించాను. కానీ ఇక్కడ ఊళ్లలో ఏం జరుగుతుందో కూడా చెప్పనివ్వండి. ఆదాయం లేని గుళ్లు వందల్లో ఉన్నాయి. ఒక పూట దీపం, ఒక అర్చకుడు, పాత తాళంకప్ప. శ్రీపురందాన్ అనే ఊరి గుడిలోంచి నటరాజస్వామిని ఎత్తుకుపోతే, ఆయన తేలింది ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో. 2008లో యాభై లక్షల అమెరికన్ డాలర్లకు కొన్నారట. 2014లో తిరిగొచ్చాడు. ఇలాంటి భయంతోనే చాలా గుళ్ల ఉత్సవమూర్తుల్ని తిరువారూరులో ప్రభుత్వం పెట్టిన భద్రతా కేంద్రంలో ఉంచారు. అక్కడ పూజా లేదు, చూసే జనమూ లేరు. చీకట్లో తాళం వెనక ఉండడం కన్నా, నాలుగు కళ్లు చూసేచోట ఉండడం నయం కాదా?

ఇంకో కథ విన్నారా? పాత్తూరు నటరాజు. 1976లో ఒక కూలీ తవ్వుతుంటే దొరికాడు, చేతులు మారి మారి లండన్ చేరాడు. అక్కడ పోలీసులు పట్టుకున్నారు. కోర్టులో ఆ విగ్రహం నాదంటే నాదని వాదించుకున్నారు. శిథిలమైపోయిన ఆ పల్లెటూరి గుడి కూడా ఒక వాదిగా నిలబడింది. గుడి దావా వేయవచ్చని లండన్ కోర్టు ఒప్పుకుంది, 1991లో స్వామి తిరిగొచ్చాడు. మీరన్న "ఆయన శిల్పం కాదు, స్వామి" అనే మాటకి ఇంగ్లండు జడ్జీలు చాలా దగ్గరగా వచ్చారన్నమాట.

పెద్దావిడ ప్రశ్నకి నా దగ్గరా పూర్తి జవాబు లేదు. చూడనిస్తే ఆవిడే చెప్తుందేమో.

తాటాకు:

విగ్రహాల చర్చలో ఒక సంగతి అందరూ మర్చిపోయారు. ఆ విగ్రహాలున్న హాలు ఎవరిది? తెలుగు మాట్లాడిన నాయక రాజుల దర్బారు. విజయరాఘవ నాయకుడి కొలువులో క్షేత్రయ్య పదాలు పాడాడు, పసుపులేటి రంగాజమ్మ కవిత్వం చెప్పింది. 1673లో మదురై నాయకులతో యుద్ధంలో విజయరాఘవుడు చనిపోయాడు, తర్వాత కొన్నాళ్లకే మరాఠాలు వచ్చారు. విచిత్రం ఏమిటంటే వాళ్లూ తెలుగు వదల్లేదు. మరాఠా రాజు శాహజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు.

అదే ప్రాంగణంలో సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది, దానికి చిన్న మ్యూజియం కూడా. తెలుగు తాళపత్రాలు బోలెడు ఉన్న చోటు అది. మీవాడికి తాటాకు మీద మన అక్షరాలు చూపించండి, గొలుసుకట్టు రాత ఒక్క పదం చదవగలిగితే ఐస్‌క్రీం అని పందెం కట్టండి. మరాఠా రాజు సర్ఫోజీ పాలరాతి విగ్రహం పాలరాయిలా చల్లగా ఉంటుంది, నాకైతే నచ్చలేదు, దాటేయొచ్చు.

పొద్దున పెద్ద గుడిలో ఇంకొకటి చేయండి. గోడల మీద శాసనాల్లో రాజరాజూ, ఆయన అక్క కుందవై ఇచ్చిన లోహ విగ్రహాల లెక్క ఉంది. ఎత్తు ఎంత, చేతులు ఎన్ని, నగల్లో ముత్యాలు ఎన్ని, అన్నీ చెక్కించారు. ఆ విగ్రహాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. ఆ రాళ్ల మీది జాబితాని చూసి, తర్వాత గ్యాలరీకి వెళ్తే మనసుకి వేరే రకంగా తగులుతుంది.

రేపల్లె_ప్యాసింజర్:

వెళ్లొచ్చాం. రెండు వారాలైంది, బ్యాంకులో పని తెమలక రాయలేదు, ఏమీ అనుకోకండి.

పొద్దున పెద్ద గుడి. శాసనాలు చూశాం. తమిళం రాదు కాబట్టి మావాడు గోడకి చెవి ఆనించి "వినబడట్లేదు నాన్నా" అన్నాడు. వాడితో అంతే. పన్నెండున్నరకి ప్యాలెస్ దగ్గర దిగాం. కోడలుగారు చెప్పినట్టే కర్పూరం డబ్బా ఆటోలో ఉంచేశా, సాయంత్రం దాకా అదే ఆటో మాట్లాడుకున్నాం కాబట్టి సరిపోయింది.

చెప్పులు మళ్లీ గుమ్మంలోనే విప్పింది. ఈసారి నేనూ విప్పేశాను. మావాడు మాత్రం షూ లేసులు విప్పే ఓపిక లేక అలాగే నడిచాడు.

లోపలికెళ్లాక నేను ప్లాన్ ప్రకారం తిరువెంకాడు విగ్రహాల దగ్గరికి లాక్కెళ్లబోతే, ఆవిడ మొదటి విగ్రహం నుంచే వరసగా దండం పెట్టుకుంటూ వచ్చింది. ఒక్కదాన్నీ వదల్లేదు. అన్నీ చూడకండి అన్న సలహా అలా గాలికి పోయింది. గార్డుగా ఒకావిడ ఉంది, ఏమీ అనలేదు సరికదా అమ్మకి కుర్చీ లాగి వేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, మోకాళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

కల్యాణసుందరుడి దగ్గర అమ్మ నిలబడిపోయింది. నేను భుజం, వంచిన తల అని మొదలుపెట్టబోతే ఆపింది. "పెళ్లికూతురు చెయ్యి చూడు, పట్టుకోనిస్తోంది గానీ తను పట్టుకోవట్లేదు. మీ నాన్న దగ్గర నేనూ అంతే" అంది. నలభై ఎనిమిదేళ్లలో మా అమ్మ నాతో నాన్న గురించి ఇలా మాట్లాడ్డం ఇదే మొదలు. నాకు ఏమనాలో తెలియలేదు. మావాడు ఫోన్ జేబులో పెట్టి "ఆ తర్వాత పట్టుకున్నావా నానమ్మా?" అన్నాడు. చెప్పలేదు.

భిక్షాటనమూర్తి దగ్గర ఇబ్బంది నాకే, వాళ్లిద్దరికీ కాదు. దారుకావనం కథ పావుగంట చెప్పింది, గొప్పగా చెప్పింది. పక్కన మన విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం కూడా ఆగి విన్నారు.

వృషభవాహనుడి దగ్గర మాత్రం కాస్త కలతపడింది. ఎద్దు ఏదని అడిగింది. లేదమ్మా, ఆనుకున్నట్టు ఊహించుకోవాలి అన్నాను. "వెయ్యేళ్లుగా చెయ్యి అలాగే పెట్టుకుని ఉన్నాడా?" అంది. మావాడు పక్కన అదే భంగిమలో నిలబడి ఫొటో తియ్యమన్నాడు. కాలు మీద కాలు వేసి చెయ్యి గాల్లో ఆనించబోయి తూలి నా మీద పడ్డాడు. వాడు మూడుసార్లు ప్రయత్నించాడు, కుదర్లేదు. తర్వాత వాడే వెళ్లి ఆ విగ్రహం పక్క నుంచి, వెనక నుంచి ఎంతసేపు చూశాడో. బరువంతా ఏ కాలి మీదుందో కనిపెట్టాడట. తంజావూరు మొత్తంలో వాడు సొంతంగా చూసింది అదొక్కటే.

సరస్వతీ మహల్‌కి టైం చాల్లేదు, తాటాకుగారు క్షమించాలి. తాళపత్రం మీద పందెం ఇంకా బాకీ.

నిత్యపారాయణంగారూ, మీ మాట అమ్మకి చదివి వినిపించాను. దీపం ప్రశ్న మళ్లీ అడుగుతుందనుకున్నా. అడగలేదు. ఆటో ఎక్కాక "ఆ ఎద్దు లేని ఆయనది ఏ ఊరన్నావు?" అంది. తిరువెంకాడు అన్నాను. అది నవగ్రహ క్షేత్రాల్లో బుధుడి ఊరేనని ఆవిడ జాబితాలో ముందే ఉంది, నేనే చూసుకోలేదు. "రేపు అక్కడికే ముందు పోదాం. మీ స్వామిని చూసొచ్చాం, బాగానే ఉన్నాడు, వాన పడని చోట నిలబెట్టారు, ఎద్దే లేదు అని చెప్పొద్దూ" అంది.

వెళ్లాం. గుడిలో అర్చకుడికి నిజంగానే చెప్పింది, తెలుగులో. ఆయనకి ఏం అర్థమైందో గానీ తలూపి, ఒక పువ్వు ఎక్కువ ఇచ్చాడు. ఆ పువ్వు తంజావూరు వాళ్లకి చేర్చమని నా చేతిలో పెట్టింది. ఎండిపోయి నా పర్సులో ఉంది. కోడలుగారూ, ఈసారి మీ చుట్టాలెవరైనా వస్తే మీరు అటు వెళ్తారు కదా, పోస్టులో పంపితే తీసుకెళ్తారా? అద్దం ముట్టుకోనక్కర్లేదు, దగ్గర్లో నిలబడితే చాలంది.